ఒకే సి ప్రోగ్రామ్‌ను కీబోర్డుకు, ఫైలుకు, సీరియల్ పోర్టుకు వేర్వేరుగా కంపైల్ చేయడం ఎలా

వరసగా వచ్చే సంఖ్యల్లో కనిష్ఠం, గరిష్ఠం, సగటు చెప్పే చిన్న సి ప్రోగ్రామ్ మీ దగ్గర ఉందనుకోండి. దాన్ని మూడు చోట్ల నడపాలి. ఒకచోట మనిషి కీబోర్డు మీద సంఖ్యలు కొడితే తెర మీద జవాబు రావాలి. ఇంకోచోట ఒక ఫైలు చదివి మరో ఫైలులో జవాబు రాయాలి. మూడోది మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్. అక్కడ ఫైళ్లూ లేవు, తెరా లేదు, ఉన్నదల్లా ఒక సీరియల్ పోర్టు (బిట్లను ఒకదాని వెంట ఒకటి పంపే దారి). మూడు కాపీలు చేసి పెట్టుకుంటే అవి త్వరలోనే తలో దారి పడతాయి. ఒకదాంట్లో సరిచేసిన తప్పు మిగతా రెండింట్లో అలాగే ఉండిపోతుంది. అందుకే సోర్స్ ఒక్కటే ఉంచి, ఏ పద్ధతి కావాలో కంపైల్ చేసేటప్పుడు చెబుతాం.

సి భాషలో ఈ పని ప్రీప్రాసెసర్‌ది. 1973 ప్రాంతంలో సిలోకి వచ్చినప్పుడు అది చేయగలిగింది రెండే పనులు: వేరే ఫైలును తెచ్చి చొప్పించడం, ఒక పేరు చోట ఇంకో పాఠం (టెక్స్ట్) పెట్టడం. షరతులతో కంపైల్ చేసే వీలు ఆ తర్వాత మైక్ లెస్క్, జాన్ రైజర్ల చేతుల మీదుగా వచ్చింది. ఇప్పటికీ అది కంపైలర్ కంటే ముందు పాఠాన్ని కత్తిరించి అతికించే పనిముట్టే. దానికి టైపులు తెలియవు, వేరియబుల్స్ తెలియవు, ఫంక్షన్లు తెలియవు. ఈ సంగతి గుర్తుంటే కింద చెప్పబోయే చిక్కులు చాలావరకు మీ దాకా రావు.

ఇక్కడ కోడ్‌ను, ఫ్లాగ్‌లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ముందు: అసలు ఇది అవసరమా?

కీబోర్డు, ఫైలు ఈ రెండే తేడాలైతే షరతులతో కంపైల్ చేయాల్సిన పని లేదు. ప్రోగ్రామ్ స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదివి స్టాండర్డ్ ఔట్‌పుట్‌కు రాస్తే చాలు, షెల్‌లో < గుర్తు, > గుర్తు పెట్టి ఫైళ్లకు మళ్లించుకోవచ్చు. లేదా ఫైలు పేరును కమాండ్ లైనులో ఇస్తే తీసుకునేలా రాయొచ్చు. నడిచేటప్పుడు తేల్చుకోగలిగినదాన్ని కంపైల్ సమయానికి జరపకండి. ఎందుకంటే అలా జరిపిన ప్రతిదానికీ ఒక కొత్త బైనరీ (నడిపే ఫైలు) పుడుతుంది, ప్రతి బైనరీని వేరుగా పరీక్షించాలి.

షరతు నిజంగా అవసరమయ్యేది ఒక పద్ధతి కోడ్ ఇంకోచోట కంపైలే కానప్పుడు. విండోస్‌లో కీ నొక్కగానే పట్టుకునే ఫంక్షన్లు కోనియో హెడర్‌లో ఉంటాయి, లినక్స్‌లో ఆ పనికి టెర్మియోస్ కావాలి. ఒకదాని హెడర్ ఇంకోచోట దొరకదు. మైక్రోకంట్రోలర్ రిజిస్టర్ల (చిప్‌లోని పరికరాలను నడిపే మెమరీ చోట్ల) పేర్లు పీసీలో ఎక్కడా ఉండవు. అలాగే ఏటీమెగా328పీ లాంటి చిప్‌లో ర్యామ్ 2 కిలోబైట్లే, వాడని కోడ్‌ను, బఫర్లను అక్కడికి మోసుకెళ్లే వీలుండదు. ప్రోగ్రామింగ్ పోటీల్లో పాల్గొనేవాళ్లకు ఇంకో సందర్భం తెలిసే ఉంటుంది: తమ కంప్యూటర్లో ఫైలు నుంచి, జడ్జి (జవాబులు దిద్దే సైటు) దగ్గర స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదవాలి. కోడ్‌ఫోర్సెస్ లాంటి సైట్లు కంపైల్ చేసేటప్పుడు ఆన్‌లైన్_జడ్జ్ అనే మాక్రోను (ప్రీప్రాసెసర్ గుర్తుపట్టే పేరును) నిర్వచిస్తాయి. అది లేనప్పుడు మాత్రమే ఎఫ్‌రీఓపెన్‌తో స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను ఫైలుకు కలిపితే ఆ ముచ్చట అక్కడితో తీరిపోతుంది. మన మూడు పద్ధతుల ప్రోగ్రామ్‌కు అంత తేలిగ్గా తీరదు.

మొదటి అడుగు: అంచును గీయండి

ఒక్క షరతు కూడా రాయకముందే, ప్రోగ్రామ్‌లో ఏది మారుతుంది, ఏది మారదు అన్నది కాగితం మీద తేల్చుకోండి. ఆ రెండింటి మధ్య గీతనే అంచు అంటున్నాను: మారనిది ఇవతల, మారేది అవతల. అందరూ మొదట చేసే పని, ఎక్కడెక్కడ స్కాన్ఎఫ్, ప్రింట్ఎఫ్ ఉన్నాయో అక్కడల్లా ఒక ఇఫ్‌డెఫ్ (ఒక పేరు నిర్వచించి ఉంటేనే కింది కోడ్‌ను ఉంచే షరతు) పెట్టడం. పది చోట్ల పెట్టాక ఆ ఫైలును ఎవరూ చదవలేరు. 1992లోనే హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ యూజ్‌నెట్ చర్చల సందేశాలను చేరవేసే తమ సీ న్యూస్ సాఫ్ట్‌వేర్ అనుభవంతో ఇఫ్‌డెఫ్‌లను కోడ్ నిండా చల్లడం హానికరమని ఒక పేపరే రాశారు. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ల నియమం కూడా ఇదే: సి ఫైళ్లలో వీలైనంతవరకు షరతులు పెట్టొద్దు, హెడర్‌లో పెట్టి, అవసరం లేనిచోట ఏమీ చేయని ఖాళీ ఫంక్షన్ ఇవ్వండి.

మన ప్రోగ్రామ్‌లో అంచు ఎక్కడుండాలి? "ఒక సంఖ్య చదువు" దగ్గర అనిపిస్తుంది. కానీ అలా చేస్తే అక్షరాలను సంఖ్యగా మార్చే పని మూడుచోట్లా రాయాలి. అంచును ఇంకా కిందికి దించండి. "ఒక లైను పాఠం తెచ్చిపెట్టు", "ఈ పాఠం బయటికి పంపు" అనే రెండు పనులు, వాటికి తోడు మొదలుపెట్టడం, ముగించడం. మొత్తం నాలుగు ఫంక్షన్లు:

ఇంట్ ఐఓ_మొదలు(వాయిడ్);
ఇంట్ ఐఓ_లైను(చార్ *బఫర్, ఇంట్ పరిమాణం);
వాయిడ్ ఐఓ_పంపు(కాన్స్ట్ చార్ *పాఠం);
వాయిడ్ ఐఓ_ముగింపు(వాయిడ్);

సంఖ్యగా మార్చడం, లెక్క కట్టడం, జవాబును పాఠంగా పేర్చడం ఇవన్నీ అంచుకు ఇవతల, ఒక్కచోటే ఉంటాయి. సంఖ్యగా మార్చడానికి స్కాన్ఎఫ్ కాకుండా స్ట్రిటోల్ వాడండి. ఎవరైనా సంఖ్య బదులు అక్షరం కొడితే స్కాన్ఎఫ్ దాన్ని తీసుకోకుండా అక్కడే వదిలేస్తుంది, మళ్లీ పిలిస్తే మళ్లీ అదే అక్షరం దగ్గర ఆగుతుంది. ఆ ఫలితం చూసుకోని లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. లైను మొత్తం తీసుకుని తర్వాత విడదీస్తే ఆ బాధ లేదు.

ఐఓ_లైను తిరిగి ఇచ్చే విలువకు అర్థం ముందే ఖాయం చేయండి: 1 అంటే లైను వచ్చింది, 0 అంటే ఇన్‌పుట్ అయిపోయింది, -1 అంటే ఏదో తప్పు జరిగింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మూడు పద్ధతుల మధ్య అసలైన తేడా ఇక్కడే ఉంది. ఫైలుకు చివర ఉంటుంది. కీబోర్డు దగ్గర మనిషి "అయిపోయింది" అని చెప్పాలి: లినక్స్‌లో లైను మొదట్లో కంట్రోల్-డి, విండోస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఎంటర్. సీరియల్ పోర్టుకు చివర అనేదే లేదు, తీగ అలా తెరిచే ఉంటుంది. కాబట్టి దానికి ఒక గుర్తు మీరే పెట్టాలి. ఒక్క చుక్క మాత్రమే ఉన్న లైను వస్తే అయిపోయినట్టు అనుకుందాం. ఆ చుక్కను గుర్తుపట్టే పని సీరియల్ భాగానిదే, లెక్క కట్టే భాగానికి చుక్క సంగతి తెలియకూడదు.

రెండో అడుగు: పద్ధతికి పేరు, విలువ

ఇఫ్‌డెఫ్ ఐఓ_ఫైల్, ఇఫ్‌డెఫ్ ఐఓ_సీరియల్ అంటూ పద్ధతికో మాక్రో పెట్టుకోవచ్చు. నేను వద్దంటాను. రెండూ ఒకేసారి నిర్వచిస్తే ఏమవుతుంది? ఏదీ నిర్వచించకపోతే? పైగా ఎవరో ఐఓ_ఫైల్=0 అని ఇచ్చి ఆపేశామనుకుంటారు. ఇఫ్‌డెఫ్‌కు విలువతో పని లేదు, పేరు ఉందా లేదా అన్నదే చూస్తుంది, కాబట్టి 0 ఇచ్చినా అది ఉన్నట్టే. పద్ధతులు ఒకదాన్నొకటి తోసిపుచ్చేవైనప్పుడు ఒకే మాక్రో ఉండి, దాని విలువ మారాలి:

#డిఫైన్ ఐఓ_కన్సోల్ 11
#డిఫైన్ ఐఓ_ఫైల్ 12
#డిఫైన్ ఐఓ_సీరియల్ 13

#ఇఫ్ ఐఓ_పద్ధతి == ఐఓ_కన్సోల్
… కన్సోల్ భాగం …
#ఎలిఫ్ ఐఓ_పద్ధతి == ఐఓ_ఫైల్
… ఫైలు భాగం …
#ఎలిఫ్ ఐఓ_పద్ధతి == ఐఓ_సీరియల్
… సీరియల్ భాగం …
#ఎల్స్
#ఎర్రర్ "ఐఓ_పద్ధతి సరిగా ఇవ్వలేదు"
#ఎండిఫ్

విలువలు 11 నుంచి ఎందుకు మొదలయ్యాయి అంటే, ప్రీప్రాసెసర్‌కు ఒక అలవాటుంది. ఇఫ్ లైనులో తనకు తెలియని పేరు కనిపిస్తే దాన్ని 0గా తీసుకుని ముందుకెళ్లిపోతుంది, ఒక్క మాట కూడా అనదు. కన్సోల్‌కు 0 ఇచ్చి ఉంటే, పద్ధతి చెప్పడం మరిచిపోయినవాళ్లకు, పేరు తప్పు కొట్టినవాళ్లకు అందరికీ కన్సోల్ బిల్డ్ వచ్చేస్తుంది. ఇక 1 ఎందుకు వద్దంటే, కమాండ్ లైనులో విలువ లేకుండా -డిఐఓ_పద్ధతి (పెద్ద అక్షరం -డి అంటే ఈ మాక్రోను నిర్వచించు అని) అని మాత్రమే ఇస్తే కంపైలర్ దానికి 1 ఇస్తుంది. 0, 1 రెండూ పొరపాటున వచ్చే విలువలు కాబట్టి వాటిని ఖాళీగా వదిలేస్తే, అన్ని పొరపాట్లూ ఎర్రర్ లైను దగ్గర దొరికిపోతాయి. ఆ ఎర్రర్ లైనును ఎప్పుడూ తీసేయకండి.

ఈ మూడు పేర్లను డిఫైన్‌తో కాకుండా ఈనమ్‌లో పెడితే అందంగా ఉంటుందని అనిపించవచ్చు. పెట్టకండి. ఈనమ్ కంపైలర్‌కు తెలిసే వస్తువు, ప్రీప్రాసెసర్‌కు అది ఇంకా పుట్టలేదు. ఇఫ్ లైనులో రెండు వైపులా తెలియని పేర్లే అవుతాయి, 0 == 0 నిజమవుతుంది, మీరు ఏ పద్ధతి ఇచ్చినా మొదటి భాగమే కంపైల్ అవుతుంది. ఎర్రర్ లైను కూడా దీన్ని పట్టుకోలేదు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో -డబ్ల్యూఅన్‌డెఫ్ ఫ్లాగ్ పెడితే ఇఫ్ లైనులో తెలియని పేరు కనిపించగానే వార్నింగ్ వస్తుంది. మామూలుగా పెట్టే -డబ్ల్యూఆల్‌లో ఇది కలిసి ఉండదు, వేరుగా అడగాలి.

మూడో అడుగు: మూడు భాగాలు రాయడం

ఫైలు భాగం అన్నిటికంటే సులువు. ఐఓ_మొదలులో రెండు ఫైళ్లూ తెరవండి, తెరుచుకోకపోతే -1 ఇవ్వండి. లైను తేవడానికి ఎఫ్‌గెట్స్, పంపడానికి ఎఫ్‌పుట్స్. ముగింపులో ఔట్‌పుట్ ఫైలు మూసేటప్పుడు ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువను చూడండి. డిస్కు నిండిపోయిన సంగతి ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది.

కన్సోల్ భాగంలో అదనంగా ఉండేది "సంఖ్య ఇవ్వండి:" లాంటి ప్రాంప్ట్. దాన్ని లెక్క కట్టే భాగంలో పెట్టి చుట్టూ షరతు రాయాలన్న ఆలోచన రానివ్వకండి. ఐఓ_లైను లోపల, ఎఫ్‌గెట్స్‌కు ముందు, స్టాండర్డ్ ఎర్రర్‌కు రాయండి. దీనివల్ల రెండు లాభాలు. స్టాండర్డ్ ఎర్రర్‌లో రాసింది బఫర్‌లో ఆగదు, వెంటనే కనిపిస్తుంది. స్టాండర్డ్ ఔట్‌పుట్‌కు రాస్తే, చివర కొత్త లైను లేని ప్రాంప్ట్ బఫర్‌లోనే ఉండిపోవచ్చు, ఎఫ్‌ఫ్లష్ పిలవాల్సి వస్తుంది. రెండోది, జవాబులు మాత్రమే స్టాండర్డ్ ఔట్‌పుట్‌లో మిగులుతాయి కాబట్టి కన్సోల్ బిల్డ్ ఔట్‌పుట్, ఫైలు బిల్డ్ ఔట్‌పుట్ అక్షరం తేడా లేకుండా ఉండాలి. పరీక్షించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

సీరియల్ భాగానికి ఓపిక కావాలి. దాని అడుగున రెండే రెండు చిన్న ఫంక్షన్లు పెట్టండి: బైటు_తీసుకో, బైటు_పంపు. చిప్ రిజిస్టర్లను తాకేది ఈ రెండే. వాటిని వేరే ఫైలులో ఉంచండి. పైన ఉండే ఐఓ_లైను బైట్లు ఒక్కొక్కటే తీసుకుని బఫర్‌లో పేర్చుతుంది. ఇక్కడ చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సీరియల్ టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ఎంటర్ కొడితే చాలావాటిలో క్యారేజ్ రిటర్న్ (13) ఒక్కటే వస్తుంది, లైన్ ఫీడ్ (10) రాదు. కొన్నిట్లో రెండూ వస్తాయి. లైను చివర ఏది వచ్చినా ఒప్పుకోండి. రెండూ వస్తే రెండోదాన్ని ఖాళీ లైనుగా లెక్కించకుండా వదిలేయండి. అవతలి మనిషి కొట్టిన అక్షరం అతనికి కనిపించాలంటే సాధారణంగా చిప్పే దాన్ని తిరిగి పంపాలి. బఫర్ నిండాక వచ్చిన బైట్లను లైను చివరిదాకా పారేసి -1 ఇవ్వండి, ఏ పరిస్థితుల్లోనూ బఫర్ దాటి రాయకండి. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంలో, బైటుకు ముందొక బిట్టు, వెనకొక బిట్టు కలిపి 10 బిట్లు కాబట్టి సెకనుకు 960 బైట్లకు మించి రావు. లైను పేర్చడానికి చిప్‌కు సమయం చాలినంత ఉంటుంది.

ఇంకో తేడా మెయిన్‌లో తగులుతుంది. పీసీలో జవాబు చెప్పాక ప్రోగ్రామ్ ముగుస్తుంది. చిప్‌లో మెయిన్ నుంచి బయటికి వస్తే వెళ్లడానికి చోటు లేదు, మళ్లీ మొదటికి రావాలి. మెయిన్‌లో ఇఫ్‌డెఫ్ పెట్టాలనిపించేది సరిగ్గా ఇక్కడే. దానికి బదులు ఐఓ_మళ్లీనా అనే ఐదో ఫంక్షన్ చేర్చండి. కన్సోల్, ఫైలు భాగాల్లో అది 0 ఇస్తుంది, సీరియల్ భాగంలో 1 ఇస్తుంది. మెయిన్‌లో డూ-వైల్ లూప్ దాన్ని అడుగుతుంది. షరతు మళ్లీ అంచుకు అవతలే ఉండిపోయింది.

నాలుగో అడుగు: ఉమ్మడి కోడ్ నిజంగా ఉమ్మడిదేనా?

ఇన్‌పుట్, ఔట్‌పుట్ విడదీశాం కాబట్టి మిగతాది ఎక్కడైనా ఒకేలా నడుస్తుందని అనుకోకండి. పీసీలో ఇంట్ మామూలుగా 32 బిట్లు, ఏవీఆర్ చిప్‌లలో (పైన చెప్పిన ఏటీమెగా328పీ ఈ కుటుంబానిదే) 16 బిట్లు. అక్కడ ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 32767. 400 చుట్టూ ఉండే రీడింగ్‌లు వంద కలిపితే మొత్తం పొంగిపోతుంది. మొత్తాన్ని లాంగ్‌లో ఉంచండి. లాంగ్‌కు కనీసం 32 బిట్లు ఉండాలని సి ప్రమాణమే చెబుతోంది.

సగటును దశాంశాలతో చూపడంలో ఇంకో చిక్కు. ఏవీఆర్ లైబ్రరీలోని ప్రింట్ఎఫ్ కుటుంబం, స్థలం ఆదా కోసం, దశాంశ సంఖ్యలను మామూలుగా ముద్రించదు. వాటి చోట ప్రశ్నార్థకం వస్తుంది. వేరే లైబ్రరీ కలిపి లింకు చేస్తే వస్తాయి గానీ కోడ్ పెరుగుతుంది. దీనికోసం చిప్‌కు ఒక షరతు, పీసీకి ఒక షరతు రాసే బదులు మూడుచోట్లా పూర్ణాంకాలతోనే సగటు పేర్చండి. మొత్తాన్ని లెక్కతో భాగిస్తే పూర్ణభాగం, శేషాన్ని 100తో హెచ్చవేసి మళ్లీ భాగిస్తే రెండు దశాంశ స్థానాలు. మొత్తం రుణసంఖ్య అయితే గుర్తును ముందే విడిగా తీసి పెట్టుకోండి. ఎందుకంటే -1ని 2తో భాగిస్తే పూర్ణభాగం 0, దాని ముందు మైనస్ ఉండదు, -0.50 కాస్తా 0.50 అయిపోతుంది. సంఖ్యలు ఒక్కటీ రాకుండానే ఇన్‌పుట్ అయిపోతే భాగహారం దగ్గరికే వెళ్లకండి.

ఐదో అడుగు: బిల్డ్

చేత్తో కంపైల్ చేస్తే కమాండ్ ఇలా ఉంటుంది:

జీసీసీ -డబ్ల్యూఆల్ -డబ్ల్యూఅన్‌డెఫ్ -డిఐఓ_పద్ధతి=ఐఓ_ఫైల్ …

మేక్‌ఫైల్ (మేక్ అనే బిల్డ్ పనిముట్టుకు ఇచ్చే ఆదేశాల ఫైలు) రాసేవాళ్లు ఒక్కటి జాగ్రత్త. మేక్ చూసేది ఫైళ్ల సమయాలను, ఫ్లాగ్‌లను కాదు. కన్సోల్ బిల్డ్ చేసి, ఫ్లాగ్ మార్చి, మళ్లీ మేక్ అంటే "అంతా తాజాగానే ఉంది" అంటుంది. మధ్యలో ఒక సోర్స్ ఫైలు మాత్రం మారిస్తే ఇంకా ప్రమాదం: అది కొత్త పద్ధతితో, మిగతావి పాత పద్ధతితో కంపైలై ఒకే బైనరీలో కలుస్తాయి. ప్రతి పద్ధతికీ వేరు ఆబ్జెక్ట్ డైరెక్టరీ పెట్టండి, బైనరీ పేరులోనూ పద్ధతి పేరు ఉండనివ్వండి.

మూడూ కలిపి కట్టే "అన్నీ" అనే టార్గెట్ తప్పకుండా ఉండాలి, ఏ చిన్న మార్పు చేసినా అదే నడపాలి. షరతు వెనక దాగిన కోడ్‌ను కంపైలర్ చూడదు. మీరు ఒక ఫంక్షన్ పేరు మారిస్తే, ఆ రోజు కట్టని పద్ధతిలో పాత పేరు నిశ్శబ్దంగా ఉండిపోతుంది. అందుకే రెండువైపులా కంపైల్ కాగలిగిన కోడ్ అయితే, ఉదాహరణకు అదనపు వివరాలు ముద్రించాలా వద్దా అన్నది, ప్రీప్రాసెసర్ ఇఫ్ వద్దు. మాక్రో విలువ మీద మామూలు సి ఇఫ్ రాయండి. రెండు కొమ్మల్నీ కంపైలర్ తనిఖీ చేస్తుంది, ఆప్టిమైజ్ చేసేటప్పుడు నడవని కొమ్మను తీసేస్తుంది.

ఏ భాగం కంపైల్ అయిందో అనుమానం వస్తే ఊహించకండి, -ఇ (పెద్ద అక్షరం) ఫ్లాగ్ ఇచ్చి ప్రీప్రాసెసర్ దాటాక మిగిలిన పాఠాన్ని చూడండి. దానికి -డీఎం (డి చిన్నక్షరం, ఎం పెద్దక్షరం) చేర్చితే నిర్వచించిన మాక్రోల జాబితా మొత్తం వస్తుంది. అందులో ఐఓ_పద్ధతి విలువ ఏముందో వెతికితే చాలు.

ఆరో అడుగు: పరీక్ష

ఒకే ఇన్‌పుట్ ఫైలు తయారు చేసుకోండి. అందులో రుణసంఖ్యలు, ఖాళీ లైను, సంఖ్య కాని లైను, చివర కొత్త లైను లేకుండా ముగిసే సంఖ్య ఉండాలి. ఫైలు బిల్డ్‌కు దాన్నే ఇవ్వండి, కన్సోల్ బిల్డ్‌కు < గుర్తుతో మళ్లించండి. రెండు ఔట్‌పుట్‌లనూ డిఫ్‌తో (ఫైళ్ల మధ్య తేడాలు చూపే పనిముట్టుతో) పోల్చండి. తేడా వస్తే తప్పు అంచు అవతల ఉన్నట్టే, లెక్క కట్టే భాగంలో వెతకక్కర్లేదు.

సీరియల్ భాగాన్ని పరీక్షించడానికి ప్రతిసారీ చిప్‌లోకి ఎక్కించాల్సిన పని లేదు. బైటు_తీసుకో, బైటు_పంపు వేరే ఫైలులో ఉన్నాయి కదా. పీసీలో ఆ ఫైలుకు బదులు గెట్‌చార్, పుట్‌చార్ పిలిచే నకిలీ ఫైలును లింకు చేయండి. నకిలీలో గెట్‌చార్ ఫైలు చివరికి చేరితే ప్రోగ్రామ్‌ను ముగించేయాలి, లేకపోతే ఐఓ_మళ్లీనా వల్ల ఆగకుండా తిరుగుతుంది. తిరిగి పంపే అక్షరాల వల్ల డిఫ్‌లో తేడాలు వస్తాయి కాబట్టి నకిలీతో పరీక్షించేటప్పుడు వాటిని ఆపే మాక్రో ఒకటి పెట్టుకోండి. ఇన్‌పుట్ ఫైలును మూడు రకాలుగా ఇచ్చి చూడండి: లైను చివర 13 ఒక్కటే, 10 ఒక్కటే, రెండూ కలిపి. మూడు ఫైళ్ల చివరా చివరి సంఖ్యకు లైను ముగింపు పెట్టి, ఆ కింద చుక్క లైను పెట్టడం మరవకండి. లైను పేర్చే పద్ధతిలోని తప్పులు ఇక్కడే బయటపడతాయి, చిప్ మీద చూడాల్సింది రిజిస్టర్లు తాకే ఆ రెండు ఫంక్షన్లనే.

ఏదైనా పద్ధతి అవసరం తీరిపోతే దాన్ని షరతు వెనక పాతిపెట్టి ఉంచకండి. యూనిఫ్‌డెఫ్ అనే చిన్న పనిముట్టు ఇఫ్‌డెఫ్, ఇఫ్ లైన్లలో మీరు చెప్పిన మాక్రో తేల్చేసే కొమ్మలను సోర్స్ నుంచే కత్తిరించి ఇస్తుంది. కత్తిరించాక మిగిలిన పద్ధతులను "అన్నీ" టార్గెట్‌తో మళ్లీ కట్టి, డిఫ్ పరీక్ష ఒకసారి నడపండి.